మర్యాద గుండు

హోల్టర్‌బాఖ్
3 జూన్ 1986

రోస్విటా అత్తా,

నీ ఆకుపచ్చ టోపీ నా దగ్గర క్షేమంగా ఉంది. మైదానంలో పడేసి పోయావు, బ్యాండు మేళంలో బూరా ఊదే అతను దాని మీద కూర్చోబోతుంటే లాక్కొచ్చాను.

పక్షి కిందపడ్డ మరుక్షణం నువ్వు కారెక్కి బాన్ దారి పట్టిన వేగం చూసి, వెనక వరసల్లో ఉన్నవాళ్లు రాజధానిలో ప్రభుత్వం పడిపోయిందేమో అనుకున్నారు. ముందు వరసవాళ్లకి పడింది ఏమిటో తెలుసు. అందుకే వాళ్లు నోరు మెదపలేదు. మన ఊరి పండగలో అంత నిశ్శబ్దం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. బీరు పోసే పిల్ల కూడా పంపు కట్టేసింది.

నువ్వు మర్చిపోయినట్టున్నావు కాబట్టి గుర్తుచేస్తున్నాను. స్తంభం మీది చెక్కపక్షికి కిరీటం, రాజదండం, రెక్కలు అన్నీ రాలిపోయి ఒట్టి మొండెం మేకుకి వేలాడుతున్నప్పుడు బ్యాండు ఆగుతుంది. అప్పుడు ఫాదర్ ఒకటి, జిల్లా అధికారి ఒకటి, మన పార్లమెంటు సభ్యురాలు, అంటే నువ్వు, ఒకటి, తలా ఓ మర్యాద గుండు మేఘాల్లోకి పేల్చి చప్పట్లు కొట్టించుకుని దిగిపోవాలి. ఆ తరవాతే అసలు పోటీ. ఎవరి గుండుకి మొండెం పడితే వాడు ఏడాదిపాటు రాజు. ఆడది రాజు కాకూడదని సంఘం నియమం. పద్నాలుగేళ్లుగా నువ్వు బుద్ధిగా మేఘాలనే కొట్టావు. నిన్న మేఘాలు సెలవులో ఉన్నాయా అత్తా?

పైగా ఈ ఏడు నాన్నది. అరవై ఒకటి నిండాయి, గురికాండ్ర సంఘానికి అధ్యక్షుడు, ఒక్కసారి కూడా రాజు కాలేదు. ఈసారి మిగతావాళ్లంతా గుండు పక్కకి పోనివ్వాలని లోపల్లోపల అనుకున్నారు. అమ్మ రాణి గౌను కూడా కుట్టించుకుంది, నీలం రంగుది. అది ఇప్పుడు బీరువా తలుపుకి వేలాడుతోంది. గది దాటి వెళ్లేటప్పుడల్లా నాన్న దానికి దారి ఇచ్చి ఒరిగి నడుస్తున్నాడు.

జులై నాలుగున మీ పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే సమావేశం. వకీలు ఫోస్ నీ సీటు మీద కన్నేసి ఎన్నాళ్లయిందో నీకూ తెలుసు. నిన్న అతను అందరి కంటే ముందు అమ్మ దగ్గరికెళ్లి, "పాపం, ఎంత కష్టం వచ్చింది" అని చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో ఎవరో పోయినట్టు.

ఇక్కడి నీ ఆఫీసుకి ఫోను చెయ్యకు. నిన్ను కలవాలని వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ పక్కనే ఆ ఫోను ఉంది, నేను "అత్తా" అన్నానంటే బెంచీ మొత్తం చెవులు రిక్కిస్తుంది. ఉత్తరం రాయి.

నీ మేనకోడలు, నీ గుమాస్తా, నీ పార్టీకి ఓటెయ్యని పాపిష్టిది,
ఆల్మూట్

—

బాన్
6 జూన్ 1986

ఆల్మూట్ తల్లికి,

ఉత్తరం చేరింది. టోపీ అక్కడే ఉండనీ.

ఇక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా పాల గొడవే. ఆ రష్యా అణు కర్మాగారం ప్రమాదం తరవాత వాన పడిన గడ్డిని ఆవులకి పెట్టొచ్చా లేదా అని కమిటీలో ముగ్గురు శాస్త్రవేత్తలు మూడు మాటలు చెప్పారు. నేను నోట్సు రాసుకున్నాను, తీరా చూస్తే ఏ మాటా మన రైతుకి చెప్పేలా లేదు. ఆఫీసుకి వచ్చి అడిగేవాళ్లకి, తెలియనిది తెలియదనే చెప్పు. మీ అమ్మ తోటలో పాలకూర దున్నించేసిందా?

ఈ శనాదివారాలు రావడం కుదరదు. వచ్చే వారమూ కుదరకపోవచ్చు.

సోమవారం సంగతి ఎత్తకు. ఎవరైనా అడిగితే నాకేం తెలియదను. ఒకటి మాత్రం రాయి: మీ నాన్న ఏమన్నాడు?

భోజనం వేళకి తిను. ఆ బెంచీ మీదవాళ్లు కాసేపు ఆగితే ఏం కాదు.

అత్త

—

హోల్టర్‌బాఖ్
12 జూన్ 1986

అత్తా,

నాన్న ఏమీ అనలేదు. "ఏమీ అనలేదు" అంటే కోపంగా ఏమీ అనలేదని కాదు, మామూలుగా కూడా అనలేదు. "రొట్టె ఇటివ్వు" అని కూడా అనడం లేదు, చెయ్యి చాచి తీసుకుంటున్నాడు. నిన్న నీ పేరు వినగానే లేచి కోళ్ల దగ్గరికెళ్లాడు. కోళ్లు అప్పటికే పడుకున్నాయి.

నువ్వు రాయలేదు కానీ నీ భయం నాకర్థమైంది. రావడం కుదరదంటే రాలేనని. ప్రతిసారీ సమావేశంలో నాన్నే లేచి నీ పేరు ప్రతిపాదిస్తాడు. డెబ్బై రెండు నించీ అదే పద్ధతి. ఆయన లేస్తే సంఘం వాళ్లంతా చెయ్యెత్తుతారు, సంఘం చెయ్యెత్తితే పక్క ఊళ్లూ ఎత్తుతాయి. ఈసారి ఆయన కుర్చీలోంచి లేవకపోతే? ఫోస్ ఆ కుర్చీకేసే చూస్తున్నాడు.

అందుకని నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మెచ్చుకో.

అది నీ గుండు మహిమ కాదనీ, పక్షే పుచ్చు చెక్కతో చేశారనీ, గాలి వీచినా పడిపోయేదనీ నలుగురితో అన్నాను. రొట్టెల కొట్లో మొదలుపెట్టాను, మధ్యాహ్నానికి చర్చి మెట్ల దాకా వెళ్లింది. నీకు అర్థమవుతోందా? పుచ్చు చెక్క అయితే ఎవరి తప్పూ లేదు. నువ్వు మర్యాదగానే కాల్చావు, పక్షే అమర్యాదగా పడింది.

ఒక్కటే చిక్కు. ఆ పక్షిని చెక్కింది వడ్రంగి టిగ్గెస్ అని నాకు గుర్తు రాలేదు. నిన్న ఆఫీసుకి వచ్చాడు. బెంచీ మీద కూర్చోలేదు, నా బల్ల మీదకి వంగాడు.

"ఏమ్మా చదువుకున్నమ్మాయ్, నా పక్షి పుచ్చిందా?"

"నేనలా అనలేదండీ, గాలికి..."

"లిండెన్ చెట్టు చెక్క అది. రెండు శీతాకాలాలు నీడన ఎండబెట్టాను. మీ అత్తకి ఓటు కావాలంటే అడగమను, ఇస్తాను. నా చెక్కకి పుచ్చు అంటగట్టి ఓటు అడగొద్దు."

తలుపు విసురుగా వేసి వెళ్లాడు. నిజానికి తలుపే పుచ్చింది, బిజాగిరి ఊడింది. బాగుచెయ్యడానికి ఎవర్ని పిలవాలో చెప్పు, ఊళ్లో వడ్రంగి ఆయనొక్కడే.

కానీ మిగతాది బాగా కుదిరింది. ఫోస్ స్వయంగా వచ్చి రాజీ మాట చెప్పాడు. సమావేశంలో నువ్వు "అనుకోకుండా తగిలింది" అని ఒక్క మాట అంటే చాలట. ఆ తరవాతి ఆదివారం కొత్త పక్షిని ఎక్కిస్తారు, నాన్న కొడతాడు, అమ్మ గౌను తొడుక్కుంటుంది. ఫోస్ తన పేరు వెనక్కి తీసుకుని ఆ పై ఎన్నికల దాకా ఆగుతాడు. "మేడమ్‌ని ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు" అన్నాడు, జుట్టు వెనక్కి దువ్వుకుంటూ. ఇబ్బంది పెట్టడమే అతని ఉద్దేశం. అయినా రాజీ మంచిదే కదా? నీ తరఫున సరేనన్నాను.

ఇంకో మాట. కీల్‌లో ఒక పత్రిక వాళ్లు నన్ను రమ్మన్నారు. వెళ్లనా వద్దా తేల్చుకోలేదు. ఈ కుర్చీలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, లేస్తే నిన్ను వదిలేసినట్టుంది.

నీ ఆల్మూట్

—

బాన్
17 జూన్ 1986

ఆల్మూట్,

నిన్ను ఎవరడిగారు?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ చించేద్దామనిపించింది. పద్నాలుగేళ్లుగా నా తరఫున ఎవర్నీ సరేననివ్వలేదు, మంత్రినైనా సరే. అందుకే ఏ మంత్రిపదవీ రాలేదు, అది వేరే సంగతి. వెనక బెంచీలో కూర్చుని రైతు భార్యలకి పింఛను, పాలకి ధర, మన ఊరికి రైలు, ఇవే అడిగాను. రైలు పోయింది. పింఛను కొంత వచ్చింది. కానీ నా తరఫున నా మేనకోడలు రొట్టెల కొట్లో అబద్ధం చెప్పిందంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ముందు టిగ్గెస్ దగ్గరికెళ్లి ఆ చెక్క బంగారంలాంటిదని చెప్పు. నలుగురి ఎదుట చెప్పు. మొదలుపెట్టింది రొట్టెల కొట్లో కదా, అక్కడే చెప్పు.

ఇప్పుడు నీకొక్కదానికే రాస్తున్నాను.

అనుకోకుండా తగల్లేదు. గురిపెట్టి కొట్టాను.

మీ తాత అడవి అధికారిగా ఉన్నప్పుడు మా ఇద్దరికీ, మీ నాన్నకీ నాకూ, ఒకే తుపాకీతో నేర్పాడు. మంచు కరిగే రోజుల్లో దేవదారు కొమ్మకి వేలాడే కాయల్ని కొట్టించేవాడు. తరవాత మీ నాన్న సంఘంలో చేరాడు. నేను ఊరేగింపులో పూలు విసిరే వరసలో చేరాను. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. నిజంగానే. నేను పాత పద్ధతుల మనిషిని, అందుకేగా ఈ పార్టీలో ఉన్నాను. పండగ అంటే మగవాళ్లు కాల్చడం, ఆడవాళ్లు బంగాళదుంపల సలాడ్ కలపడం అనుకునేదాన్ని, ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఆ సోమవారం తుపాకీ భుజాన పెట్టుకున్నాక గాలి ఆగింది. మొండెం పక్కకి తిరిగి మేకు కనబడింది. అంతే. మీ నాన్న సంవత్సరమని తెలుసు. గౌను సంగతీ తెలుసు, బట్ట నేనే కదా బాన్ నించి తెచ్చిచ్చాను. వేలు నొక్కేటప్పుడు అవేవీ గుర్తు లేవు. నొక్కిన తరవాత అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అందుకే కారెక్కాను. ఫోస్‌కి భయపడి కాదు. మీ నాన్న మొహం చూడలేక.

ఇది మీ నాన్న హూబెర్ట్‌కి చెప్పకు. అనుకోకుండా జరిగిందనుకుంటే అన్నయ్యకి కొంతైనా నయం.

కీల్ వెళ్లు. నన్ను వదిలేసినట్టు ఎందుకవుతుంది? నీకు నేనిచ్చింది కుర్చీ, గొలుసు కాదు.

రోస్విటా

—

హోల్టర్‌బాఖ్
21 జూన్ 1986

అత్తా,

రొట్టెల కొట్లో నిలబడి, పన్నెండు మంది ఆడవాళ్ల ముందు, "టిగ్గెస్ గారి చెక్క పుచ్చలేదు, నా బుర్రే పుచ్చింది" అన్నాను. రొట్టెలమ్మే ఆవిడ, "ఆ సంగతి మాకు తెలుసులే, నీకేం కావాలి, గోధుమదా రై పిండిదా?" అంది. టిగ్గెస్ వచ్చి తలుపు బిగించి వెళ్లాడు. నాతో మాట్లాడలేదు, తలుపుతో మాట్లాడాడు: "ఇది కూడా మంచి చెక్కే. మేకులు కొట్టినవాడే వెధవ."

నీ ఉత్తరం చదివి ఆఫీసు మూసేసి ఏటి గట్టున కూర్చున్నాను. నీ కోపానికి కాదు. నిన్ను ఇన్నాళ్లు చూసి, నువ్వు భయస్తురాలివని నిశ్చయించుకున్నందుకు. విశ్వవిద్యాలయంలో మా గుంపంతా నీలాంటివాళ్ల గురించి అలాగే మాట్లాడుకునేది. నీ దగ్గర జీతం తీసుకుంటూ కూడా నేను అది సరిచూసుకోలేదు.

నాన్నకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఆయనే చెప్పాడు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఫోస్ రాజీ మాట ఎత్తింది. ఆదివారం కొత్త పక్షి, గౌను వృథా పోదు అని. నాన్న కత్తి కింద పెట్టాడు. ఇన్ని రోజుల తరవాత మొదటి మాట:

"అది ఊపిరి బిగబట్టింది."

"ఎవరు?" అంది అమ్మ.

"మేఘాల్లోకి కాల్చేవాడు ఊపిరి బిగబట్టడు. మా నాన్న నేర్పిన పద్ధతి. చెల్లెలు గురిపెట్టి కొట్టింది. నాకు పక్షిని దానంగా ఇచ్చేవాడెవడో వాడి మొహం నాకు చూపించండి."

అమ్మ "అయితే కోపమా?" అంటే, "కోపం ఎందుకు? మంచి గుండు. కొట్టి పారిపోయింది, అదీ నా బాధ. నిలబడి ఉంటే భుజం తట్టేవాణ్ని" అన్నాడు. అని మళ్లీ రొట్టె కోసం చెయ్యి చాచాడు.

ఆయన మౌనం చూసి కోపమని నేను నీకు రాశాను. నువ్వు రాకపోవడం చూసి గర్వమని ఆయన అనుకున్నాడు. మధ్యలో నా ఉత్తరాలు.

అయినా ఒక మాట చెప్తాను, తిట్టు. సమావేశంలో అనుకోకుండా తగిలిందనే చెప్పు. పక్క ఊళ్ల ప్రతినిధులకి ఇవేవీ తెలియవు. ఆడమనిషి కావాలని కొట్టిందంటే వాళ్లు ఫోస్‌కి వేస్తారు, ఇది ఖాయం, నేను వాళ్ల గొంతులు వింటున్నాను రోజూ. జనవరిలో ఎన్నిక, ఈ జిల్లాలో మీ పార్టీ తరఫున చెట్టుని నిలబెట్టినా గెలుస్తుంది, కాబట్టి నీ సీటు ఆ హాల్లోనే ఉంటుంది, పోతే ఆ హాల్లోనే పోతుంది. ఒక్క చిన్న మాట అత్తా. నీకు ఓటెయ్యనిదాన్ని బతిమాలుతున్నాను.

ముప్ఫైన కీల్ వెళ్తున్నాను. టోపీ అమ్మకిచ్చాను.

ఆల్మూట్

—

హోల్టర్‌బాఖ్
14 జులై 1986

ఆల్మూట్ తల్లికి,

నీ కొత్త చిరునామా మీ అమ్మ ఇచ్చింది. సముద్రం గాలికి కిటికీ తెరుచుకుని పడుకోకు.

సమావేశం సంగతి పేపర్లో చూసే ఉంటావు, రెండు వరసల్లో వేశారు. మిగతాది నేను రాస్తాను.

హాలు నిండిపోయింది. నేను మామూలుగానే మాట్లాడాను, పాలు, పింఛను, రోడ్డు. కూర్చోబోతుంటే ఫోస్ చాలా మర్యాదగా లేచాడు. "మేడమ్, అందరి మనసూ తేలికపడేలా ఒక్క మాట. ఆ రోజు అనుకోకుండా తగిలిందనే కదా?" అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. నీ ఉత్తరం చేతిసంచిలో ఉంది. పద్నాలుగేళ్లు బాన్‌లో నేను బాగా నేర్చుకున్న విద్యే అది, ఎవరి మొహమూ మాడకుండా ఒక మాట వెతకడం. ఆ విద్య తప్పని ఇప్పుడూ అనను. కానీ రెండో వరసలో టిగ్గెస్ కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒళ్లు బిగబట్టి. వాడి పక్కన మీ నాన్న.

"కాదు, గురిపెట్టాను" అన్నాను.

వెనక నించి ఎవరో, "అంత గురి ఉంటే సైన్యంలో చేరాల్సింది" అన్నారు. కొందరు నవ్వారు. అప్పుడు టిగ్గెస్ లేచి హాలంతా వినబడేలా, "విన్నారుగా! పుచ్చు కాదు! గురి!" అని అరిచి కూర్చున్నాడు. వాడికి నా సీటుతో పనిలేదు, వాడి పక్షి గెలిచింది.

తరవాత మీ నాన్న లేచాడు. ప్రతిసారీ లేచేవాడిలాగే, ముందు కుర్చీ వెనక్కి జరిపి, కోటు సరిచేసుకుని. "మా నాన్న ఇద్దరికీ ఒకే తుపాకీతో నేర్పాడు. నాకంటే ఇదే బాగా కొట్టేది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. నేను ప్రతిపాదించే పేరు రోస్విటా హెన్నెకే. ఎప్పుడూ చెప్పే పేరే."

మన సంఘం చేతులన్నీ లేచాయి. పక్క ఊళ్లవి లేవలేదు. నువ్వు వాళ్ల గొంతులు సరిగ్గానే విన్నావు. కాస్త తేడాతో ఫోస్ నెగ్గాడు. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, ఈసారి ఎవరో పోయినట్టు కాదు, కాస్త బెదిరినట్టు. పాల కమిటీ కాగితాలు ఎక్కడుంటాయో జనవరిలో చూపిస్తానన్నాను. కుర్రాడు పనిచేస్తాడు. మరీ అంత చెడ్డవాడు కాదు, జుట్టు ఒక్కటే ఎక్కువ.

ఆ రాత్రి నేను ఏడవలేదని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాయను.

నిన్న ఆదివారం జిల్లా పండగ. అన్ని ఊళ్ల సంఘాలూ తమ తమ రాజులతో ఊరేగింపుగా నడిచాయి. మనవాళ్లు నియమం ప్రకారం నన్ను రాజుగా ఒప్పుకోలేదు, అదీ న్యాయమే. అలాగని రెండో పక్షిని ఎక్కించడానికి మీ నాన్న ఒప్పుకోలేదు. కాబట్టి ఈ ఏడు హోల్టర్‌బాఖ్‌కి రాజు లేడు. నేను రొట్టెల కొట్టు ముందు మీ అమ్మ పక్కన నిలబడి చూస్తున్నాను. ఆవిడ ఆ నీలం గౌను తొడుక్కుంది. "కుట్టించింది పెట్టెలో పెట్టడానికా?" అంది.

మన జెండా వచ్చింది. జెండా వెనక మీ నాన్న ఒక్కడే. కానీ రోడ్డు మధ్యలో నడవడం లేదు. ఎడమకి ఒదిగి నడుస్తున్నాడు, కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. వెనక వరసలవాళ్లు కూడా అంతే చోటు వదిలారు. ఎదురుగా చూస్తూనే నడుస్తున్నాడు. మా ముందుకొచ్చినప్పుడు అడుగు కొంచెం నెమ్మది చేశాడు. నా వైపు చూడలేదు. గడ్డం మాత్రం ఇంత కదిలించాడు, చిన్నప్పుడు అడవిలో చప్పుడు చెయ్యకుండా "రా" అనడానికి కదిలించేవాడే, అలాగ.

మీ అమ్మ నా నెత్తిన టోపీ పెట్టి వెనక నించి ఒక్క తోపు తోసింది.

చర్చి దాకా నడిచాం. చర్చి మూల దగ్గర నా భుజం మీద తట్టాడు, గట్టిగా, మగవాణ్ని తట్టినట్టు. ఇప్పటికీ నొప్పిగా ఉంది.

జనవరి దాకా నేను సభ్యురాలినే. పాల సంగతి తేలేదాకా వాళ్లని వదలను. నీ పేపర్లో దాని గురించి రాస్తే అంకెలు నన్నడుగు. నా గురించి రాస్తే చెవులు మెలిపెడతాను.

నీ అత్త

—

కీల్
17 జులై 1986

అత్తా,

నీ ఉత్తరం బస్సులో చదివి రెండు స్టాపులు దాటిపోయాను.

ఆ చిన్న మాట చెప్పమని బతిమాలినందుకు సిగ్గుపడుతున్నాను, దాని గురించి ఇంకేం రాయను. నువ్వు ఆ మాట అననందుకు సంతోషంతోనే ఈ ఉత్తరం.

నిన్న నాన్న నాకు ఫోను చేశాడు. ఆయన ఫోను చెయ్యడం నా జన్మలో ఇదే మొదలు. ఎవరో పోయారనుకున్నాను. కాసేపు ఊపిరి చప్పుడే. తరవాత, "అక్కడ అన్నం అదీ తింటున్నావా?" అన్నాడు. తింటున్నానన్నాను.

"మీ అత్తకి నువ్వు ఉత్తరాలు రాస్తావు కదా" అన్నాడు. "ఊరేగింపులో దాని అడుగు బ్యాండుకి కలవడం లేదు. అందరూ ఎడమకాలు వేస్తే అది కుడికాలు వేస్తోంది. నేను చెప్తే వినదు. నువ్వు రాయి. వచ్చే ఏడుకైనా నేర్చుకోమను."

రాశాను.

ఆల్మూట్